ఎనిమిదంటే ఎనిమిదే

బహదూర్‌పురాలో జూ పార్కు గేటు ముందు, ఫ్యాక్టరీ బస్సు ఆగే చోట, ఆటో ఆగింది. వెనక సీట్లో ఉన్న పెద్దమనిషి కునుకు తీస్తున్నాడనుకున్నాడు డ్రైవర్. "దిగు సాబ్, వచ్చినం" అన్నాడు. ఆ పెద్దమనిషి దిగలేదు. ఇక ఎప్పటికీ దిగడు కూడా.

ఆయన పేరు బాబురావు. ప్రభుత్వ ఆయుధాల ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. మొదటి డాక్టర్ గుండెపోటు అని రాశాడు. రెండో డాక్టర్ ఆయన ఎడమ చెవి వెనక చూసి ఆ కాగితం చింపేశాడు. అక్కడ సూది గుచ్చిన గుర్తు ఉంది. ఆవగింజంత.

అది సోమవారం ఉదయం. మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా అమల గౌలిపురలోని ఒక పాల కేంద్రం ముందు నిలబడింది.

"వెన్న తీయని పాలున్నయా?"

"పొద్దుగాలనే విరిగినయ్."

కౌంటర్ మనిషి పక్కకు జరిగాడు. పాల క్యాన్ల వరస వెనక ఇనుప తలుపు తెరుచుకుంది. బయట గేదెలు, గడ్డి మోపులు. లోపల మూడు మానిటర్లు, ఒక గోడ నిండా ఫోటోలు, వాటి ముందు చీఫ్ రామ్‌చందర్.

"కూర్చో. చనిపోయినాయన నీకు తెల్సు. గ్రూపుల ఆయన పేరు 'జీరో ఎర్రర్'."

అమల కూర్చోలేకపోయింది. నిన్న సాయంత్రమే ఆయనతో చాట్ చేసింది. మనవరాలికి కొన్న సైకిల్ ఫోటో పెట్టాడు.

అమల కౌంటర్ ఇంటెలిజెన్స్ ఏజెంట్. 'గురి' అనే ఆన్‌లైన్ గ్రూపు మీద ఎనిమిది నెలలుగా కన్నేసి ఉంది. నాలుగు వందల మంది సభ్యులు. ఎయిర్ రైఫిళ్లు, పాతకాలపు నాటు తుపాకులు, షూటింగ్ పోటీల పతకాలు, లైసెన్సు రెన్యూవల్ వార్తలు, వాటి మధ్య మోకాళ్ల నొప్పులు, పావురాలు, పచ్చళ్లు. ఆ గ్రూపులో అమల 'జూ తాత'. డెబ్బై ఏళ్ల రిటైర్డ్ జూ ఉద్యోగి.

"ప్రాజెక్ట్ గోరువంక," రామ్‌చందర్ మానిటర్ మీద ఒక రైఫిల్ చూపించాడు. "మన ఆర్మీ కోసం. దీని బ్యారెల్ లోపలి పని తొంభై తొమ్మిది శాతం మెషీన్ చేస్తది. చివరి ఒక్క శాతం చేత్తోనే. ఆ పనితనం ఉన్నది దేశంల ఇద్దరికే. అందుకే రిటైరైనోళ్లను మళ్ళ పిలిపించినం. శుక్రవారం ట్రయల్. ఫెయిలైతే ఆర్డర్ విదేశీ కంపెనీకి పోతది. ఆ కంపెనీ వెనక ఉన్న ముఠా ఇక్కడికి దిగింది."

"ఇద్దరిలో ఒకరు బాబురావు. రెండో ఆయన?"

"డానియేలు. మాదన్నపేట. నీ దోస్తే. 'పాత ట్రిగ్గర్'."

పాత ట్రిగ్గర్! జూ తాతకు జ్వరమొచ్చిందని రాస్తే నాలుగు రోజులు వరసగా మెసేజ్ పెట్టిన మనిషి. 'దోస్తా, కషాయం తాగినవా? గంజి తాగు. ఫికర్ చెయ్యకు.'

"అయితే ఆయనకు కాపలా పెట్టాలి సార్."

"కాపలా కాదు, వల," అంది మూల కుర్చీలోంచి ఒక గొంతు.

తెల్ల చొక్కా, నల్ల కళ్లద్దాలు, గదిలో పాల వాసనను కూడా ఓడించిన సెంటు. స్రవ్య. జాతీయ స్థాయిలో పిస్టల్ పతకాలు గెలిచిన షూటర్. గురి గ్రూపు మోడరేటర్. రెండేళ్ల క్రితం ఆమెను తన మనిషిని చేసుకున్నాననుకుంది ముఠా. లేదు, ఆమె మన మనిషే అని శాఖ నమ్మకం. డబుల్ ఏజెంట్. ఇటూ అటూ నడిచే మనిషి ఏ ఒడ్డున నిద్రపోతుందో అమలకు ఎప్పుడూ అంతుపట్టలేదు.

"ముఠా వాళ్లు మన గ్రూపులోనే మాట్లాడుకుంటున్నరు," స్రవ్య ఒక కాగితం బల్ల మీదికి తోసింది. "ఇదీ కోడ్. పావురాలంటే మనుషులు. ఆవకాయంటే డ్రాయింగులు. టైమ్ చెప్తే ఒక గంట కలుపుకోవాలి. ఇప్పుడు నిన్నటి డానియేలు మెసేజ్ చదువు."

అమల చదివింది. 'బేస్తవారం పొద్దుగాల ఎనిమిదికి మాదన్నపేట మార్కెట్ల ఆవకాయకు మామిడికాయ కొంట. మా ఇంటామె సుందరమ్మ లిస్టు రాసిచ్చింది.'

"గురువారం తొమ్మిదికి డ్రాయింగులు చేతులు మారతయ్," అంది స్రవ్య. "తోటివాణ్ణి తప్పించిండు. ఇప్పుడు ఆ పనితనం ఆయన ఒక్కడి చేతిల ఉంది."

"ఆటో డ్రైవర్ ఏమన్నాడు సార్?" అమల అడిగింది.

"పురానాపూల్ దగ్గర ఎవరో ఆడమనిషి స్కూటీ ఆపి పలకరించిందట. పక్కన కూర్చుని సెల్ఫీ దిగి పోయింది. మొహానికి స్కార్ఫ్. ఈ ఎండలల్ల సిటీల సగం మంది గట్లనే ఉంటరు," అన్నాడు రామ్‌చందర్. "గురువారం నువ్వు మార్కెట్లో కూరగాయలమ్మే మనిషివి. సాగర్ టీమ్ సరిగ్గా తొమ్మిదికి వస్తది. ముందే వస్తే డానియేలు పసిగడతడు. రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకోవాలె. క్లియర్?"

"క్లియర్ సార్."

క్లియర్ కాదు. రెండు రోజులు అమల ఎనిమిది నెలల చాట్‌ను మళ్లీ మొదటి నుంచి చదివింది. అనుమానం కళ్లద్దాల లాంటిది. ఒకసారి పెట్టుకుంటే ప్రతి మాటా రంగు మారుతుంది. 'ఎయిర్ రైఫిల్ స్ప్రింగు తుప్పు పట్టింది' అంటే ఏమిటి? 'వాన పడేటట్టున్నది' అంటే ఎవరికి చెప్పాడు? చివరికి 'కషాయం తాగినవా' అన్న మాట దగ్గర కూడా ఆమె పెన్సిల్ ఆగింది. కషాయం అంటే ఏమిటి? విషమా? ఆ ప్రశ్న అడిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా పక్కన ఒక టిక్కు పెట్టింది.

గురువారం ఏడున్నర. మాదన్నపేట మార్కెట్ గోలగోలగా ఉంది. అమల ఎర్ర చీర మోకాళ్ల పైకి దోపుకుని, తోటకూర, పాలకూర కట్టలు ముందేసుకుని గోనెపట్టా మీద కూర్చుంది. ముక్కుపుడకలో కెమెరా. కాంటా అడుగున ట్రాన్స్‌మిటర్. చెవి దిద్దులో ఇయర్‌పీస్. పక్కన మామిడికాయల కుప్ప, దాని వెనక సాయిలు. అతను మాత్రం నిజమైన వ్యాపారే.

"కొత్తగున్నవ్ అక్కా. ఏ ఊరు?"

"శంషాబాద్ దిక్కు."

"గట్ల కూసుంటే ఎవరు కొంటరు? ఒర్లాలె!"

అమల అరిచింది. అరుస్తూనే జనంలో ప్రతి ముఖాన్నీ జల్లెడ పట్టింది. నిమ్మకాయలు ఏరుతున్న మనిషి మరీ నెమ్మదిగా ఏరుతున్నాడు. చాయ్ తాగుతున్నవాడు అదే గ్లాసు పది నిమిషాలుగా పట్టుకున్నాడు. ఎవరు? ఎందుకు?

ఏడు యాభై ఎనిమిదికి డానియేలు వచ్చాడు. ఫోటోలో కంటే పొట్టి. ఇస్త్రీ చేసిన చొక్కా, చేతిలో రెండు గుడ్డ సంచులు, జేబులోంచి తొంగిచూస్తున్న లిస్టు. నేరుగా సాయిలు కుప్ప దగ్గరికి వచ్చి ఒక కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టి చూశాడు.

"టెంక ముదిరిందా లేదా?"

"ముదిరింది బాపు. కోసి సూపిస్త."

అమల గడియారం వైపు చూసింది. సరిగ్గా ఎనిమిది.

ఎనిమిదికి వస్తానన్నాడు. ఎనిమిదికే వచ్చాడు.

గంట కలుపుకోవాలని చెప్పిన మనిషి ఎవరు? కోడ్ అనేది ఉంటే, టీమ్ తొమ్మిదికి రావడం సరే. కోడ్ అనేదే లేకపోతే, ఈ గంటసేపు డానియేలు చుట్టూ ఎవ్వరూ ఉండరు. తను తప్ప.

చదివిన చాట్ అంతా ఇప్పుడు వేరేలా కళ్ల ముందు కదిలింది. అందులో రహస్యం ఏదీ లేదు. ముసలాళ్లు తమ బతుకులు చెప్పుకున్నారు, అంతే. 'అంకుల్, సోమవారం డ్యూటీకి ఎట్ల పోతరు? ఆటోనా, బస్సా?' అని బాబురావును అడిగింది ఎవరు? 'అంకుల్, ఆవకాయ ఎప్పుడు పెడుతున్నరు? మార్కెట్‌కు ఒక్కరే పోతరా?' అని డానియేలును అడిగింది ఎవరు? ప్రతి ప్రశ్న చివర ఒక నవ్వు బొమ్మ. ప్రతిసారీ అదే పేరు.

అమల కాంటా వైపు వంగింది. "సాగర్, ఎక్కడున్నరు?"

"చంచల్‌గూడ కాడ, చాయ్ తాగుతున్నం మేడమ్. ఇంకా మస్తు టైముంది కద?"

"లేదు! ఇప్పుడే బయల్దేరండి. టార్గెట్ డానియేలు కాదు. స్రవ్య."

"స్రవ్య మేడమా? చీఫ్ ఆర్డర్ లేకుంట..."

"సాగర్, ఆయన చచ్చిపోతడు!"

అప్పుడే మార్కెట్ మొదట్లో స్కూటీ ఆగింది. దిగిన మనిషి ముఖానికి చుట్టుకున్న స్కార్ఫ్ విప్పుకుంటూ నవ్వింది. కూరల బేరాలు రెండు క్షణాలు ఆగిపోయాయి. అంత అందం ఆ మార్కెట్‌కు అలవాటు లేదు.

"అంకుల్! గుర్తుపట్టిన్రా? నేను స్రవ్యను. గురి మోడరేటర్‌ను."

డానియేలు ముఖం వెలిగిపోయింది. "అరే, స్రవ్య బిడ్డా! నువ్వేంది ఇక్కడ?"

"ఇటే పోతున్న. మీరు ఇయ్యాల వస్తరని రాసిన్రు కద. ఒక్క సెల్ఫీ అంకుల్, గ్రూపుల పెడత."

ఆమె కుడి చేత్తో ఫోన్ పైకెత్తింది. ఎడమ చెయ్యి ఆయన భుజం చుట్టూ వెళ్లింది. ఆ చేతి మధ్యవేలికి పెద్ద పచ్చరాయి ఉంగరం. బొటనవేలు దాన్ని మెల్లగా లోపలికి తిప్పింది. రాయి పక్క నుంచి సన్నటి మెరుపు బయటికి వచ్చింది. డానియేలు ఫోటో కోసం కాలర్ సర్దుకుని నవ్వాడు.

అమల లేచింది. పిస్టల్ తీస్తే ఇంత జనం. అరిస్తే ఒక్క గుచ్చు చాలు. కాళ్ల దగ్గర ఆకుకూరల మీద చల్లే నీళ్ల బకెట్ ఉంది. ఎత్తి మొత్తం స్రవ్య ముఖాన కొట్టింది.

"కండ్లు కనవడ్తలేవా? నా తోటకూర తొక్కుతవా? ఫోటోలు దిగనీకి నా దుకాణమే దొరికిందా నీకు!"

స్రవ్య ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాగింది. ఆ చేతి మణికట్టును అమల రెండు చేతులా పట్టుకుంది. చుట్టూ జనం మూగారు. ఆడవాళ్ల లొల్లి అనుకుని నవ్వారు.

తడి జుట్టు వెనక స్రవ్య కళ్లు అమలను గుర్తుపట్టాయి. గొంతు తగ్గించింది.

"అమలా, ఇంకా ఎనిమిదే. మీ టీమ్ తొమ్మిదికి కద?"

అంటూనే మోకాలితో అమల పొట్టలో తన్నింది. అమల పట్టు సడలింది. ఇద్దరూ తోటకూర మీద పడ్డారు. స్రవ్య పైన. ఉంగరం సూది అమల మెడ మీదికి దిగుతోంది. బెత్తెడు. రెండు వేళ్లు. ఒక్క వేలు. సూది చివర వేలాడుతున్న చుక్క అమలకు స్పష్టంగా కనబడింది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

డానియేలు వంగి స్రవ్య మణికట్టు పట్టుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్లు ఇనుముతో పనిచేసిన చెయ్యి అది. స్రవ్య శక్తంతా పెట్టి లాగింది. ఆ చెయ్యి అరంగుళం కూడా కదల్లేదు.

"బిడ్డా," అన్నాడు ఆయన ఆయాసపడుతూ, "గా ఉంగరం పని నాకు తెల్వదనుకున్నవా? గిసువంటి స్ప్రింగులు శానా చేసిన. ఇడువు."

సాగర్ టీమ్ వచ్చేదాకా, పది నిమిషాలు, ఆయన ఆ చెయ్యి వదల్లేదు.

స్రవ్య ఫోన్ లాక్‌ను ఆమె వేలితోనే తెరిచి, అమల అందులోంచి 'పని అయింది' అని ఒక మెసేజ్ పంపింది. విమానాశ్రయం దగ్గర హోటల్లో ఆ కబురు కోసమే కాచుకున్న ఇద్దరు విదేశీయులు సూట్‌కేసులతో లిఫ్ట్ దిగారు. నంబరు జాడ పట్టుకుని ముందే లాబీ చేరిన మన వాళ్లు వాటిని మోసిపెట్టారు, జీపు దాకా.

మార్కెట్ చివర చాయ్ బండి దగ్గర డానియేలు కూర్చున్నాడు.

"బాపు, మీకొక సంగతి చెప్పాలె," అంది అమల. "జూ తాతను నేనే."

ఆయన చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. కోపం వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది.

"ఎనిమిది నెలలు నా ముచ్చట్లన్నీ చెప్పుకున్న. నన్ను అనుమానించినవా?"

"అనుమానించిన."

"జ్వరం గూడ అబద్ధమేనా?"

"జ్వరం నిజమే బాపు. ఆ నాలుగు రోజులు నన్ను అడిగింది మీరొక్కరే."

డానియేలు తన చాయ్ గ్లాసు ఆమె వైపు జరిపాడు. "తాగు. సల్లారుతది."

శుక్రవారం గోరువంక ట్రయల్ జరిగింది. సాయంత్రం రామ్‌చందర్ ఫోన్ చేసి "ఎగిరింది, ఆర్డర్ మనకే" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశాడు.

ఆదివారం చర్చి వదిలే వేళకు డానియేలు నుంచి ఫోన్. గొంతు గుసగుస.

"బిడ్డా, ఆపద వచ్చింది."

అమల చెయ్యి పిస్టల్ మీదికి పోయింది. "ఎవరు బాపు? ముఠా వాళ్లా?"

"కాదు. సుందరమ్మ. బేస్తవారం మార్కెట్ల ఎవ్వరో పోరి నా భుజం మీద చెయ్యేసిందట, నేను పది నిమిషాలు దాని చెయ్యి ఇడువలేదట. చర్చిల అందరు చెప్తున్నరు. ఆఫీసోళ్లు నోరు విప్పొద్దని సంతకం తీసుకున్నరాయె. నేనేం చెప్పాలె?"

అమల రామ్‌చందర్‌కు ఫోన్ చేసి అనుమతి అడిగింది. ఆయన అంతా విని నిట్టూర్చాడు.

"ఇరవై తొమ్మిదేండ్ల సంది నేను మా ఇంటామెకు ఒక్క సంగతి గూడ చెప్పుకోలేకపోయిన. డానియేలును గూడ మెల్లగ అలవాటు చేసుకొమ్మను."