అమ్మ పీల్చిన గాలి

కూతురు బూట్లు వేసుకుంటుంటే, అమ్మ వంటగదిలో గోడవైపు తిరిగి గాలి సీసా నోట్లో పెట్టుకుంది. మూరెడు కూడా లేని ఆ సీసా కూతురి లైఫ్ జాకెట్ జేబులో ఉంటుంది. పడవ తలకిందులై నీళ్లకింద చిక్కుకుంటే, బయటపడేదాకా ఊపిరి నిలబెట్టేది అదే. అమ్మ నాలుగుసార్లు పీల్చి, తను కుట్టిన ఎర్రగుడ్డ సంచిలో దాన్ని పెట్టి తాడు బిగించింది.

"పనిచేస్తోంది," అంటూ తెచ్చి ఇచ్చింది.

"నువ్వు సరేనన్నాక నది కాదంటుందా," అని నవ్వి కూతురు వెళ్లిపోయింది.

ఉరవడి నీళ్లలో కయాక్ అనే సన్నటి పడవ నడపడం నేర్పడం ఆమె ఉద్యోగం. ఏడాది కిందట తోటి శిక్షకుడొకడు బండరాళ్లకింద ఇరుక్కుని చనిపోయాడు. అప్పటినుంచి అమ్మకు కంటిమీద కునుకు లేదు. మానెయ్యమని ఏడ్చింది, అలిగింది, ఆఖరికి ఈ సీసా ఉంటేనే గడప దాటాలని ఒప్పించింది. ప్రతి సోమవారం తెల్లవారుజామునే నాన్న తన గాలి సిలిండర్ల షాపులో దాన్ని నింపి తెస్తాడు.

కాసేపటికి నాన్న టీ తాగుతూ, "రోజూ పొద్దున్నే గోడతో ఏంటి నీ రహస్యాలు?" అని ఏడిపించాడు.

"రహస్యాలేం లేవు. సీసా పనిచేస్తుందో లేదో చూస్తా."

"గాలి ఎంతుందో చూపించే ముల్లు చూస్తావా?"

"ముల్లేంటండీ? నోట్లో పెట్టుకుని పీలుస్తా, నాలుగుసార్లు."

నాన్న గ్లాసు కింద పెట్టేశాడు. ఆ రోజు శనివారం.

"దాన్లో ఉండేదే ముప్పై ఊపిరులు," అన్నాడు మెల్లగా.

అమ్మ వేళ్లమీద లెక్కేసుకుంది. మిగిలినవి ఆరు. కూతురికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. నీళ్లలోకి దిగేముందు శిక్షకులు ఫోన్లు డబ్బాలో పెట్టి తాళం వేస్తారు. చెప్పుల్లేకుండానే నాన్న వెనక స్కూటరెక్కింది.

వాళ్లు నది గట్టుకు చేరేసరికి నారింజరంగు పడవ రెండు బండల మధ్య బోర్లాపడి ఉంది. కూతురు దానికిందే ఉంది. తోటి శిక్షకులు తాళ్లు విసురుతున్నారు. అమ్మ గట్టుమీద కూలబడి తన ఊపిరులు లెక్కపెట్టసాగింది. ఒకటి. రెండు. ఆరు అయ్యాక ఇక పీల్చడానికి ఆమెకు మనసు రాలేదు.

పడవ కదిలింది. నీలంగా మారిన పెదవులతో కూతురిని బయటికి లాగారు. దగ్గి, నీళ్లు కక్కుకుని, కాస్త తేరుకోగానే ఆమె నాన్న వైపు తిరిగింది.

"ఆరుసార్లు పీల్చగానే అయిపోయింది. నింపకుండానే ఇచ్చావా నాన్నా?"

నాన్న అమ్మ వైపు చూడలేదు. "మర్చిపోయానమ్మా. తప్పు నాదే."

"మర్చిపోడానికి అదేమన్నా కూరల సంచా? నేను చచ్చిపోయేదాన్ని."

"మీ నాన్న నిండుగానే నింపారు," అంది అమ్మ. "నేనే పీల్చేశాను. పనిచేస్తుందో లేదో అని, రోజూ నాలుగుసార్లు."

కూతురు ఆమె వైపు తిరిగింది. "చూడ్డానికి ఒకటి చాలదా? నాలుగెందుకమ్మా?"

"మొదటిది అందుకే. మిగతా మూడూ..." అమ్మ కొంగుతో కూతురి మొహం తుడిచింది. "నీళ్లకింద నీకు ఎలా ఉంటుందోనని. కళ్లు మూసుకుని, నీ పక్కనే ఉన్నాననుకుని పీల్చేదాన్ని. నీ ప్రాణం నేనే తాగేశాను తల్లీ."

కూతురి కోపం అక్కడే కరిగిపోయింది. తడిచేతులతో అమ్మను దగ్గరకు లాక్కుంది.

"సంచి విప్పి ముల్లు చూడాల్సింది నేను. ఆరు రోజులూ చూళ్లేదు. నువ్వు చూశావుగా అనుకున్నా."

ముగ్గురూ అక్కడే కూర్చుని ఏడ్చారు.

రెండు వారాల తర్వాత కూతురు మళ్లీ పనికి బయలుదేరింది. ఎర్ర సంచికి ఇప్పుడు గుండ్రటి కన్నం ఉంది. అమ్మే కత్తిరించి చుట్టూ అంచు కుట్టింది. కన్నంలోంచి ముల్లు కనిపిస్తోంది.

"చదువమ్మా," అంది కూతురు.

అమ్మ కళ్లద్దాలు తుడుచుకుని చూసింది. "నిండుగా ఉంది." అలవాటుగా సీసాను నోటిదాకా తీసుకెళ్లి ఆగింది. దాన్ని కూతురి జేబులో పెట్టి, బొత్తాం తనే బిగించింది.

కూతురు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడింది.