సముద్రంలో కొర్రమీను

ఆ రోజు మైపాడు ఒడ్డున జయశీల నవ్వకపోయి ఉంటే, తెలుగుదేశంలో ఒక ఫిల్ము స్కూలు తక్కువయ్యేది. ఒక చెడ్డ సినిమా మాత్రం ఎలాగూ తప్పేది కాదు.

అది 1958, జనవరి నెల. ప్రొడ్యూసరు క్రీస్తురాజు మద్రాసు నుంచి రెండు జీపుల్లో కెమెరాను, హీరోయిన్ను, ఆమె తల్లిని, ఆ తల్లి కూర్చోవడానికి ఒక పేము కుర్చీని వెంటబెట్టుకుని దిగాడు. ఇరవై తొమ్మిదేళ్లవాడు. సొంత ఊరు నెల్లూరే. చర్చిలో ఎవరైనా అడిగితే అతని తల్లి రెబెక్కమ్మ, మావాడు మద్రాసులో ఫోటోల వ్యాపారం చేస్తున్నాడని చెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు. సినిమా కూడా ఫోటోలే, కాకపోతే సెకనుకు ఇరవైనాలుగు.

ఆ రోజు తీయవలసింది పాట. జాలరిపిల్ల వల లాగుతూ పాడుతుంది. జాలరిపిల్లకు కంచి పట్టుచీర కట్టారు. వల మైపాడు చెంచయ్యది. చేపలు మాత్రం ప్రొడక్షను మేనేజరు తెల్లవారుజామునే నెల్లూరు మార్కెట్టులో ఏరి ఏరి తెచ్చినవి. సముద్రాన్ని నమ్ముకుంటే కాల్షీటు వృథా అవుతుందని అతని భయం.

కెమెరా తిరిగింది. హీరోయిను నడుం వంచి, మునివేళ్లతో తాడు పట్టుకుని లాగింది. వల ఒడ్డుకొచ్చింది. నల్లగా, నున్నగా ఉన్న చేప ఒకటి ఆమె చేతుల్లో మెలికలు తిరిగింది. సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఎవరో ఫక్కున నవ్వారు.

క్రీస్తురాజు గిర్రున తిరిగాడు. ఇసుకలో ముప్పైమంది బడిపిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు నల్ల గొడుగు వేసుకుని ఒక అమ్మాయి. మిషను బడి టీచరు. పిల్లలు బుద్ధిగా ఉన్నారు, నవ్వింది టీచరే.

"ఎందుకండీ నవ్వుతారు?" అన్నాడు.

"ఏం లేదండీ. అలివి వలకు రెండు తాళ్లుంటాయి. ఒక జట్టు అటు, ఒక జట్టు ఇటు లాగతా లాగతా దగ్గరికి రావాల. మీ అమ్మాయి ఒక్క తాడే లాగుతుండాది. రెండో పక్కనుంచి చేపలన్నీ పోతాయి."

"సినిమాలో పోవు" అన్నాడు క్రీస్తురాజు గర్వంగా.

"అవును. మీ చేప ఎక్కడికీ పోదు. అది కొర్రమీను. చెరువులో ఉండే చేప. సముద్రం ఇదే మొదటిసారి చూస్తుండాది పాపం, దానికి దారి తెలవదు."

పిల్లలు గొల్లుమన్నారు. క్రీస్తురాజుకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా ప్రొడ్యూసరన్నవాడు బడిపంతులమ్మ మాటకు షాటు మారుస్తాడా? మార్చలేదు.

ఆ సినిమా నెల్లూరులో విడుదలైంది. ఒక్క తాడుకే వల వచ్చినప్పుడు హాలంతా గుసగుసలాడింది. సముద్రంలోంచి కొర్రమీను వచ్చినప్పుడు హాలు కూలిపోయేలా నవ్వింది. హీరోయిను తండ్రి చచ్చిపోయే ఘట్టంలో కూడా ఆ నవ్వు ఆగలేదు. మరుసటి వారానికల్లా ఆ సినిమా పేరు అందరూ మర్చిపోయారు. ప్రొడ్యూసరు పేరు మాత్రం కొర్రమీను రాజుగా స్థిరపడింది.

ఇంకొకడైతే నెల్లూరు మొహం చూసేవాడు కాదు. క్రీస్తురాజు మళ్లీ మైపాడు బస్సెక్కాడు. దారి పొడుగునా ఆలోచించాడు. తన దగ్గర డైరెక్టరున్నాడు, కెమెరామాను ఉన్నాడు, అసిస్టెంట్లు ఆరుగురున్నారు. అంతమందిలో ఒక్కడు కూడా ఒడ్డువైపు తలెత్తి చూడలేదు. చూసింది గొడుగు అమ్మాయి ఒక్కతే.

బడి వదిలేదాకా వేపచెట్టు కింద నిలబడి, ఆమెతో సంగతి చెప్పాడు. పాత ఉప్పు గోడౌను ఒకటి తీసుకుంటున్నాడు. అందులో సినిమా నేర్పే స్కూలు పెడతాడు. కెమెరా, నటన నేర్పడానికి మద్రాసు నుంచి మనుషులొస్తారు. చూడటం నేర్పడానికి మాత్రం ఆమె రావాలి, సాయంత్రాలు రెండు గంటలు.

జయశీల అతన్ని ఎగాదిగా చూసింది.

"నేను ఇంతవరకు ఒక్క సినిమా కూడా చూడలేదండీ. మా ఇంట్లో ఆ మాటే ఎత్తకూడదు. మా నాయన చర్చిలో సంఘ పెద్ద."

"సినిమాలు చూసినవాళ్లంతా నా దగ్గరే ఉన్నారండీ" అన్నాడు క్రీస్తురాజు. "వాళ్లవల్లే ఇలా అయ్యాను."

జయశీల నాయన సంజీవరావు మిషను ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు కాంపౌండరుగా చేసి రిటైరైనవాడు. చేదు మందు ఇచ్చే మొహంతోనే ఈ సంగతి కూడా విన్నాడు. సినిమా పాపం. బడి పుణ్యం. రెండూ కలిపి తెచ్చినవాణ్ణి ఏం చెయ్యాలో ఆయనకు ఒక పట్టాన తేలలేదు. చివరికి రెండు షరతులు పెట్టాడు. క్లాసు ప్రార్థనతో మొదలు కావాలి. తన కూతురు మాత్రం సినిమా బొమ్మ చూడకూడదు.

ఆ విధంగా దేశంలో ఎక్కడా లేని ఒక ఫిల్ము స్కూలు వెలిసింది. అక్కడ హీరోలు కావాలని వచ్చిన పదకొండుమంది కుర్రాళ్లు సాయంత్రం ఐదింటికి కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవారు. తర్వాత ఒక్క సినిమా కూడా చూడని టీచరమ్మ వాళ్లను ఒడ్డుకు తోలేది. చెంచయ్య పెళ్లాం మస్తానమ్మ బేరమాడేటప్పుడు బుట్ట మీద చెయ్యి ఎక్కడ పెడుతుంది? గాలి మారితే ముసలివాళ్లు ముందు ఏ దిక్కు చూస్తారు? వచ్చి చెప్పాలి. చూడకుండా ఊహించి చెప్పినవాడికి మళ్లీ ఒడ్డు తప్పదు. గోడౌను గోడ మీద ఆమె సుద్దతో ఒకే ఒక్క మాట రాసింది: చూడనిది చెప్పకూడదు.

క్రీస్తురాజు అందరికంటే మొద్దు శిష్యుడు. రెండో సినిమా కథ రాసుకుని ఆమెకు చదివి వినిపించడానికి వచ్చాడు. నవంబరు వాన. గోడౌను కప్పు పది చోట్ల కారుతోంది. జయశీల లోపలే గొడుగు వేసుకుని స్టూలు మీద కూర్చుంది. ఆమె బొమ్మ చూడదు కాబట్టి, బొమ్మంతా అతనే ఆడి చూపించాలి. హీరో అయ్యాడు. విలను అయ్యాడు. తువ్వాలు భుజాన వేసుకుని హీరోయినై వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఏడ్చేటప్పుడు ఆడది పైట అట్టా పట్టుకోదు" అంది జయశీల.

"మరెట్లా పట్టుకుంటుంది?"

"నేనెందుకు ఏడవాల మీకోసం? పోయి చూసుకోండి." ఆ మాటంటూ గొడుగు కొంచెం పక్కకు వంచింది. ఇద్దరు పట్టేంత చోటు వచ్చింది. రమ్మని మాత్రం అనలేదు. క్రీస్తురాజు మిగతా కథంతా వానలోనే చెప్పాడు, ఎందుకంటే ఆ గొడుగు వంచడం అతను చూడలేదు. మొద్దు శిష్యుడని ముందే చెప్పాను.

రెండో సినిమాకు ఎవరూ నవ్వలేదు. మూడోది బాగానే ఆడింది. స్కూలు కుర్రాళ్లు మద్రాసులో అసిస్టెంట్లయ్యారు. పత్రికలవాళ్లు వచ్చి మైపాడు పద్ధతి గురించి రాశారు. ఆ పద్ధతి ప్రొడ్యూసరు గారి ఆలోచనేనని రాశారు. జయశీల అది చదివి, చూడనిది రాసినారని ఎర్ర సిరాతో దిద్ది అతనికి పంపింది.

ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరుగుతున్న రోజుల్లో క్రీస్తురాజుకు తను ఆమెను ప్రేమిస్తున్నానని తెలిసింది. కొత్తగా కాదు, ఐదారేళ్లుగా. మద్రాసులో ఏ మంచి షాటు చూసినా ముందు ఆమెకు ఎలా చెప్పాలా అని ఆలోచించేవాడు. ఆమె లేని సాయంత్రం అతనికి ముద్ద దిగేది కాదు.

1964లో ధైర్యం చేసి సంజీవరావు ముందు కూర్చుని పిల్లనివ్వమని అడిగాడు. జయశీల తలుపు దగ్గర నిలబడింది.

ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "స్కూలు పెట్టుకో. దానికి అడ్డం లేదు. సినిమా తియ్యడం మానుకో, అమ్మాయినిస్తా. సినిమావాడికి పిల్లనిచ్చి నేను సంఘంలో ఏ మొహం పెట్టుకుని నిలబడేది?"

"మానేస్తానండీ" అన్నాడు క్రీస్తురాజు, క్షణం కూడా ఆలోచించకుండా. నాలుగో సినిమా అప్పటికే ముక్కాలు భాగం తీసేశాడు. అయినా అన్నాడు.

సంతోషిస్తుందనుకుని తలుపువైపు చూశాడు. జయశీల మొహం జేవురించింది.

"మానుకునే మనిషిని నేను చేసుకోను" అంది. "ఆరేళ్లు పిల్లకాయల్ని ఎండలో నిలబెట్టింది ఇందుకా? నాయనా, నువ్వు ఒక్క సినిమా చూళ్లేదు, నేనూ చూళ్లేదు. చూడనిది చెప్పకూడదని నేను బళ్లో రాసినాను. మనింట్లో మటుకు చూడకుండానే తీర్పు చెప్తుండాం."

సంజీవరావు మూడో రోజు కబురు పంపాడు. నాలుగో సినిమా పూర్తయ్యాక గోడౌనులో ఊరందరికీ వెయ్యాలి. తనూ వస్తాడు.

"నేను తెర చూడను" అన్నాడు వచ్చాక. "చూసేవాళ్లను చూస్తా. మనిషి బాగుపడతన్నాడో పాడైపోతన్నాడో మొహంలో తెలిసిపోద్ది. ముప్పై ఏళ్లు నేను చేసింది అదే."

ఆ మధ్యాహ్నం కిటికీలకు తెరచాపలు కట్టి గోడౌనును చీకటి చేశారు. తెర కిందనే, తెరకు వీపు పెట్టి, సంజీవరావు జనంవైపు తిరిగి కుర్చీలో కూర్చున్నాడు. ఇచ్చిన మాట తప్పని జయశీల ఆయన పక్కనే అలాగే కూర్చుంది. వెనక మెషీను దగ్గర నిలబడిన క్రీస్తురాజుకు వాళ్లిద్దరి మొహాలే కనిపిస్తున్నాయి. తెర మీద తను తీసిన సినిమా వైపు అతను ఒక్కసారి కూడా చూడలేదు.

జయశీలకు కథ కంఠతా వచ్చు. ఇప్పుడు తుఫాను నాయనా, ఇప్పుడు పడవ తిరిగొచ్చింది అని మెల్లగా చెబుతోంది. జనం ఆమె చెప్పిన చోటే ఊపిరి బిగబట్టారు, చెప్పిన చోటే కళ్లు తుడుచుకున్నారు. సంజీవరావు మస్తానమ్మ మొహాన్ని పరీక్షగా చూశాడు. అందులో పాపం ఎక్కడా కనబడినట్టు లేదు.

కథ అయిపోయింది. సినిమా అయిపోలేదు.

జయశీలకు ఎన్నడూ వినిపించని ఘట్టం ఒకటి మొదలైంది. ఆమె నెల్లూరు ట్రైనింగుకు పోయిన నెలలో, స్కూలు కుర్రాళ్లతో దొంగతనంగా తీసింది. నోట్లో నువ్వుగింజ నానని మస్తానమ్మ కూడా ఆ సంగతి మూడు నెలలు దాచింది. తెరమీద ఎవరో ఫక్కున నవ్వారు. తర్వాత ఒక ఆడగొంతు వినబడింది: "మీ అమ్మాయి ఒక్క తాడే లాగుతుండాది. రెండో పక్కనుంచి చేపలన్నీ పోతాయి."

గోడౌనులోని మొహాలన్నీ తెరమీదనుంచి దిగి జయశీల మీద వాలాయి.

తర్వాత మగగొంతు. "పోయినాయండీ, అన్నీ పోయినాయి. ఆరేళ్లుగా ఒక్కణ్ణే లాగుతున్నాను. ఆ రెండో తాడు మీరు పట్టుకుంటారా?"

మొహాలు చూడటానికి వచ్చిన సంజీవరావు, ఊరందరి చూపులూ ఎటు పోయాయో అటే తిరిగాడు. కూతురి మొహం చూశాడు. ముప్పై ఏళ్ల అనుభవంలో అంత తేలిగ్గా తెలిసిన రోగం ఆయనకు ఇంకోటి తగల్లేదు.

"ఏందమ్మా, కళ్లల్లో నీళ్లు?"

"నేను తెర చూళ్లేదు నాయనా."

"నేను చెప్తుండా. తిరుగు."

జయశీల తిరిగింది. ఆమె జీవితంలో చూసిన మొదటి సినిమా అర నిమిషం నడిచింది. ఇసుకలో ఒక మనిషి తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎదురుగా గొడుగు అమ్మాయి. ఆమె ఏం జవాబు చెబుతుందో తెలియక, క్రీస్తురాజు కథ అక్కడే ఆపేశాడు. రీలైపోయి తెర తెల్లబడింది.

ఆమె మెషీను వైపు చూసింది.

"తాడు అట్టా పట్టుకోరు" అంది. "వేళ్లతో కాదు, నడుముకు ఆనించి పట్టుకోవాల. రేపు పొద్దున ఒడ్డుకు రండి, చూపిస్తా."

పొద్దున్నే చెంచయ్య వల వేశాడు. ఒక తాడు దగ్గర జయశీల, వంద గజాల అవతల రెండో తాడు దగ్గర క్రీస్తురాజు. వాళ్ల వెనక ఊరి జట్లు రెండూ. లాగే కొద్దీ ఒక్కో అడుగూ దగ్గరవుతున్నారు. వల ఒడ్డుకు చేరేసరికి ఇద్దరి భుజాలూ తగిలాయి. ఎవరూ పక్కకు జరగలేదు.

అందరూ వలమీదికి వంగారు. తెల్లగా మెరుస్తున్న కవళ్ల చేపల నడుమ నల్లగా, నున్నగా, కొర్రమీను ఒకటి ఎగిరెగిరి పడుతోంది.

మైపాడు ఒడ్డు మరోసారి గొల్లుమంది. క్రీస్తురాజు చెంచయ్య వైపు చూశాడు. తనకేం తెలియదని చెంచయ్య తల అడ్డంగా ఊపాడు. చివరికి అందరూ వల పక్కనే నిలబడిన సంజీవరావు వైపు తిరిగారు. ఆయన సముద్రం వైపు గంభీరంగా చూస్తున్నాడు. ఆయన చేతిసంచి అడుగునుంచి మాత్రం నీళ్లు కారుతున్నాయి.

"సముద్రంలో కొర్రమీను ఉండదని ఎవరబ్బా చెప్పింది?" అన్నాడు. "చూడనిది చెప్పకూడదు."