మొదటి దమ్ము అమ్మేవాడిదే

మీరు నోట్లో పెట్టుకుని పీల్చే ఆ చిన్న గొట్టం, మీకంటే ముందు ఎవరి నోట్లో ఉండేదో ఎప్పుడైనా అడిగారా?

అడగరు. ధర అడుగుతారు. ఎవరి చేతి పని అని అడుగుతారు. అంచు మీద చెక్కిన నంబరు అసలుదా, నకిలీదా అని భూతద్దం పెట్టి మరీ చూస్తారు. ఎవరి నోట్లోంచి వచ్చిందని మాత్రం అడగరు. మా దుకాణంలో కూడా ఎవరూ అడగలేదు. అడగాల్సిన నేను అడిగాను గానీ, వినాల్సినవాడు వినలేదు.

మాది సముద్రం ఒడ్డున సాల్మియాలో ఒక పాత భవనం కింద, నేలమాళిగలో ఉన్న వేప్ దుకాణం, పొగ బదులు ఆవిరి పీల్చే ఎలక్ట్రానిక్ సిగరెట్లు అమ్మేది. అన్నయ్య మిషారీ దాన్ని నడిపేవాడు. నేను, వస్మియాని, క్లాసులు అయ్యాక వచ్చి కౌంటర్ వెనక కూర్చుని ఆవిరి పుట్టించే కాయిల్స్ చుట్టేదాన్ని. వెంట్రుకంత తీగను సూది చుట్టూ తిప్పి, మధ్యలో దూది దూర్చి, చివర్లు కత్తిరించడం నా పని. కిరాణా కొట్లో దొరికే ప్లాస్టిక్ వేప్‌ల కోసం మా దగ్గరికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. మా వాళ్లకి చేత్తో చేసిన మోడ్‌లు కావాలి. బ్యాటరీ పట్టే గొట్టాలన్నమాట, రాగివి, ఇత్తడివి, ఒంటె ఎముక పొదిగినవి. వాటిలో ఏ చిన్న ముక్క పోయినా, అదే చేతి పని ముక్క మళ్లీ దొరికేదాకా వాళ్లకి నిద్ర ఉండదు. ఒక్క ముక్క లేకపోయినా సెట్టు కుంటిదే.

ఇంకో సంగతి చెప్పాలి. పాత మోడ్ అమ్మేటప్పుడు మొదటి దమ్ము అమ్మేవాడే లాగాలి, కొనేవాడి కళ్ల ముందు. గాలి ఎక్కడా జారిపోవడం లేదని, మీట ఇరుక్కోలేదని, అన్నిటికన్నా ముఖ్యంగా, పేలదని రుజువు. దమ్ము లాగనివాడి సరుకు ఎవడూ ముట్టుకోడు.

ఘానిమ్ అన్నయ్యకి చిన్నప్పటి స్నేహితుడు. అతని దగ్గర ఒక రాగి గొట్టం మోడ్ ఉండేది. లోపల బోర్డు లేదు, కాపాడేది ఏదీ లేదు. మీట నొక్కితే బ్యాటరీలోని శక్తంతా ఒక్కసారి తీగలోకి దూకుతుంది. దాన్ని చేసిన మనిషి మనీలాలో ఉండేవాడట, చనిపోయాడు. ఇక అలాంటిది రాదు. ఏలకులు, కుంకుమపువ్వు వేసి ఆవిరయ్యే రసం తనే కలుపుకునేవాడు ఘానిమ్. అతను మెట్లు దిగుతుంటే ఆ వాసన ముందు దిగేది.

ఎర్ర లైటు దగ్గర కారు ఆపుకుని ఉండగా అది పేలింది. కింది దవడ ఊడిపోయింది. నాలుక లేదు. మోడ్ పట్టుకున్న కుడిచేతి చూపుడువేలు లేదు. నోట్లో పెట్టుకునే స్టీలు గొట్టం, మేం టిప్ అంటాం, అది మాత్రం గీత పడకుండా అంగిట్లోంచి పైకి దూసుకుపోయి అక్కడే ఆగింది. డాక్టర్లు దాన్ని తీశారు. మనిషి మిగల్లేదు.

ఆస్పత్రివాళ్లు ఇచ్చిన సంచిని అతని తల్లి ఉమ్ ఘానిమ్ విప్పనైనా విప్పలేదు. అన్నయ్య చేతిలో పెట్టింది.

"నాయనా, ఇది నేను చూడలేను. సముద్రంలో పడెయ్. మూట విప్పకు."

అన్నయ్య మూట విప్పాడు. మిగతాదంతా పడేశాడు. టిప్ ఉంచుకున్నాడు.

"ఇదేం పని అన్నా?" అన్నాను.

"అసలుది, వస్మియా. నంబరు చూడు. ప్రపంచంలో ఇలాంటివి ఇంకెన్ని ఉంటాయనుకుంటున్నావు? దీన్ని చేపలకి పెట్టమంటావా?"

"ఆవిడ పెట్టమంది."

"ఆవిడకి దీని విలువ తెలీదు. ఘానిమ్‌కి తెలుసు. పారేస్తే వాడే నన్ను తిడతాడు."

"వాడు తిట్టడానికి నోరేదీ?"

అన్నయ్య టిప్‌ని వెలుతురులో పెట్టి నంబరు మళ్లీ చూసుకున్నాడు. కాలేజీ వాదన పోటీలో అయితే ఆ మాటకి చప్పట్లు పడేవి. ఇంట్లో వాదన గెలిచినంత మాత్రాన ఏదీ మారదు.

టిప్‌ని మరిగించాడు. స్పిరిట్‌లో నానబెట్టాడు. ఆరబెట్టాడు. అయినా లోపల తడి ఆరేది కాదు. గుడ్డ చుట్టిన పుల్ల దూర్చి తుడిస్తే జిగటగా వచ్చేది, ఉమ్ములా. ఒకరోజు దాన్ని నా పక్కన బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లాడు. నేను దూది కత్తిరిస్తున్నాను. బల్ల మీద రాలిన పోగులు మెల్లగా కదిలాయి. టిప్ వైపు. ఒక పోగు దాని రంధ్రం దగ్గర ఆగింది, వణికింది, లోపలికి పోయింది.

ఫ్యాను గాలి అన్నాడు అన్నయ్య. ఆ రోజు ఫ్యాను వేయలేదు.

దాన్ని కొంటానన్నది దుఐజ్ బాబాయ్. నాన్న స్నేహితుడు, డేగల పిచ్చి, మోడ్‌ల పిచ్చి. కుడి చూపుడువేలికి పెద్ద ఫిరోజా రాయి ఉంగరం. అదే మనీలా మనిషి చేసిన రాగి మోడ్ ఆయన దగ్గర ఉంది. టిప్ ఒక్కటే లేదు, డేగ ఎత్తుకుపోయి ఎడారిలో పడేసిందట. ఆయన వస్తానన్న రోజు మధ్యాహ్నమే ఆకాశం పసుపైంది. తూజ్ వస్తోందని ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. మాకు దుమ్ము తుఫాను కొత్త కాదు. తలుపు కింద తడి తువ్వాలు కుక్కాం, టీ పెట్టాం.

బాబాయ్ దగ్గుతూ దిగాడు. గడ్డం నిండా ఇసుక.

"ఏరా మిషారీ, ఈ నేలమాళిగలో సమాధి అద్దెకిస్తున్నావా, సామాను అమ్ముతున్నావా?"

"ముందు టీ తాగు బాబాయ్. తర్వాత తిట్టు."

"బాబాయ్, ఆ టిప్ కొనకండి," అన్నాను.

"ఎందుకే?"

"అది చచ్చిపోయినవాడిది."

"నా తుపాకీ మా తాతది. ఆయనా చచ్చిపోయాడు. మీ చెల్లెలు లాయరవుతుందిరా, ఇప్పట్నుంచే భయపెట్టడం నేర్చుకుంది."

"చచ్చిపోయినవాడి నోట్లోంచి తీసింది బాబాయ్. అంగిట్లోంచి."

బాబాయ్ టీ గ్లాసు కింద పెట్టాడు. అన్నయ్య వైపు చూశాడు. ఒప్పుకుంటాడేమో అని నేనూ చూశాను. అన్నయ్య నవ్వాడు. "దాని మాటలు నమ్ముతావా బాబాయ్? నేనే లాగి చూపిస్తాను కదా."

నాకు కావలసింది ఒక్కటే. అన్నయ్య నోటికి అది తగలకూడదు. బాబాయ్ కొన్నా సరే, కొనకపోయినా సరే. వాడు లాగకూడదు.

బాబాయ్ మోడ్‌కి అన్నయ్య టిప్ బిగించాడు. అది కూర్చున్న చప్పుడు నాకు నచ్చలేదు. పన్ను కొరికిన చప్పుడు.

వెలుతురు తలుపు అద్దంలో నారింజ అయింది. ఎరుపైంది. తర్వాత నల్లబడింది, మధ్యాహ్నం పూట. కరెంటు పోయింది. ఏసీ ఆగిపోయాక వచ్చిన నిశ్శబ్దంలో, పైన వీధిలో ఇసుక తలుపుని గీరుతున్న చప్పుడు ఒక్కటే. గాల్లో తడిమట్టి వాసన, పాత దూది వాసన.

"ఫోన్ లైటు వెయ్యండ్రా," అన్నాడు బాబాయ్.

ఆ చీకట్లోనే నేను చెయ్యి చాచి మోడ్ తీసుకున్నాను. అడుగు మూత తిప్పి బ్యాటరీని అరచేతిలోకి జార్చుకున్నాను. మూత బిగించే సమయం లేదు. లైటు వెలిగేసరికి మోడ్ ఎక్కడిదక్కడే ఉంది, బ్యాటరీ నా గుప్పిట్లో ఉంది. రాగి బరువు కదా, బ్యాటరీ లేదని చేతికి తెలియదు. మీట నొక్కుతాడు, ఏమీ రాదు, పరువు పోతుంది. పోతే పోనీ.

అన్నయ్య మోడ్ ఎత్తాడు. పెదవుల మధ్య పెట్టుకున్నాడు. వెంటనే తీశాడు.

"తడిగా ఉంది," అన్నాడు గుసగుసగా.

"వద్దన్నా. పెట్టెయ్."

నా వైపు చూశాడు. బాబాయ్ వైపు చూశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. మీట నొక్కాడు.

ఏమీ లేదు.

ఊపిరి వదిలాను... అప్పుడే వాసన వచ్చింది. ఏలకులు. కుంకుమపువ్వు.

రసం పోసే ట్యాంక్ గాజులో తీగ ఎర్రగా వెలిగింది. బ్యాటరీ నా గుప్పిట్లో ఉంది. అయినా వెలిగింది.

అన్నయ్య బుగ్గలు లోపలికి గుంటలు పడ్డాయి. ఇంకా లోపలికి. కళ్లు పెద్దవయ్యాయి. చెయ్యి మోడ్‌ని దూరంగా తోస్తోంది, మోడ్ రావడం లేదు. అప్పుడు అర్థమైంది. లాగుతున్నది వాడు కాదు. అవతలి నుంచి ఎవరో లాగుతున్నారు.

టక్...

చిన్న చప్పుడు. మళ్లీ. మళ్లీ. వాడి కింది పళ్లు. ఒక్కొక్కటే వేర్లతో సహా ఊడి, బఠాణీ గింజ పట్టని ఆ రంధ్రంలోకి పోతున్నాయి. పోయిన ప్రతిసారీ ట్యాంక్ గాజు లోపల ఎర్రటిది చిమ్ముతోంది. గడ్డం మీంచి నెత్తురు కారి చొక్కా అంటుకుపోయింది. వాడు అరవలేదు. అరవడానికి గాలి లేదు.

"నోరు తెరవరా, నోరు తెరువు..."

బాబాయ్ వాడి పెదవికీ టిప్‌కీ మధ్య వేలు దూర్చాడు, గాలి విడిపిద్దామని. పెద్దాయన చూపుడువేలు మొదలు దాకా లోపలికి పోయింది. ఎముక విరిగింది. ఆయన వెనక్కి పడ్డాడు. వేలు రాలేదు. ఉంగరం కూడా రాలేదు.

నేను బల్ల మీది సుత్తి తీసుకుని మోడ్‌ని కొట్టాను. రాగి సొట్టపోయింది, పట్టు వదల్లేదు. అన్నయ్య ఛాతీ మీద మోకాలు పెట్టి రెండు చేతులతో లాగాను. కింది పెదవి చీలింది. చీలికలోంచి చూస్తే వాడి నాలుక... సాగుతోంది. కొస అప్పటికే టిప్ లోపల ఉంది.

జారకుండా పట్టుకోవాలని గొట్టం అడుగున అరచెయ్యి వేశాను. మూత లేని ఖాళీ చివర.

అక్కడ పెదవులు తగిలాయి.

పైపెదవి వెచ్చగా ఉంది. కిందిది సగమే ఉంది. నా అరచేతి కింద అవి ఆశగా, తొందరగా పీలుస్తున్నాయి. లోపల చిగుళ్లలో కొత్తగా దిగుతున్న పళ్లు నా చర్మానికి గీసుకున్నాయి.

గుప్పిట్లో ఉన్న బ్యాటరీని ఆ నోట్లోకి పొడిచాను. మణికట్టు నొప్పెట్టేంత గట్టిగా, పూర్తిగా. గొంతులో అడ్డం పడిన చప్పుడు. ఒక దగ్గు, బ్యాటరీ బయటికి ఎగిరిపడింది. నా చెంప మీద ఏలకుల తుంపర. పట్టు వదిలింది. అన్నయ్య నెత్తుటితో పాటు నాలుకని నోట్లోకి తీసుకుని పక్కకి ఒరిగాడు.

కరెంటు వచ్చేసరికి మోడ్ నేల మీద ఉంది. దానికి టిప్ లేదు. సాయానికి వచ్చినవాళ్లు గది అంతా వెతికారు. టిప్ లేదు. ఒక్క పన్ను లేదు. వేలు లేదు.

బ్యాటరీ పేలింది అని రాసుకున్నారు ఆస్పత్రిలో. పేలని బ్యాటరీని బల్ల మీద పెట్టి చూపించాను. దాని ప్లాస్టిక్ తొడుగు మీద పంటి గాట్లున్నాయి. ముందు రెండు పళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కిన గాట్లు. మా అన్నయ్య కింది పళ్లు అలాగే ఉండేవి. ఎటువైపు నుంచి పడ్డాయని అడిగారు. గొట్టం లోపలి నుంచి అని చెప్పాను. అయినా రాసింది మార్చలేదు.

అన్నయ్య బతికాడు. గంజి తాగుతాడు, మాట ముద్దగా వస్తుంది. దుకాణం మూసేశాం. మేం ఆస్పత్రిలో ఉండగా భవనం యజమాని అరల్లో, మూలల్లో దొరికిన ముక్కలన్నీ ఊడ్చి పెట్టెల్లో పోసి శుక్రవారం సంతలో గుత్తగా అమ్మేశాడు. గాజులు, రింగులు, టిప్‌లు. ఎవరు కొన్నారో తెలీదు.

నిన్న ఉమ్ ఘానిమ్ ఫోన్ చేసింది. చాలా రోజుల తర్వాత ఆవిడ గొంతులో సంతోషం విన్నాను.

"తల్లీ, ఘానిమ్ కల్లోకి వచ్చాడు. ఇన్నాళ్లూ చేత్తో నోరు మూసుకుని వచ్చేవాడు. ఇప్పుడు నవ్వుతున్నాడమ్మా. కింది ముందు పళ్లు రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఎంత ముద్దుగా ఉన్నాయో. చెయ్యి కూడా ఊపాడు. పోయిన ఆ వేలు ఉంది, దానికి ఫిరోజా ఉంగరం, నేనెప్పుడూ కొనివ్వలేదు, ఎవరిచ్చారో మరి."

నాలుకతో నా పళ్లు తడుముకున్నాను.

"మాట మాత్రం ఇంకా రాలేదు," అంది ఆవిడ. "వస్తుందిలే. వెతుకుతున్నాడు."

అందుకే చెబుతున్నాను. మీ జేబులో ఉన్నది బయటికి తియ్యండి. టిప్ విప్పండి. చేత్తో విప్పండి, నోటితో ఊది చూడకండి. లోపల తడిగా ఉందేమో చూడండి. ఒక దూది పోగుని రంధ్రం దగ్గర పెట్టండి. అది కదిలితే, అసలుది అని మురిసిపోకండి. సముద్రం దాకా నడవండి. ఇప్పుడే వెళ్లండి. దారిలో ఎవరు పిలిచినా నోరు తెరిచి పలకకండి.