మంటకు దూరంగా పెళ్ళిచీర

మార్చి పదమూడు. త్రినాధరావు ఆ తేదీ మరిచిపోడు. ఒక్క పునుగు నోట్లో ఉంది. మిగతావి రోడ్డు మీద దొర్లుతున్నాయి.

ఆయన స్కూటర్ మాత్రం ఆటో వెంట దూసుకుపోతోంది!

ఆటోలో దేవీప్రసాద్. పట్టుచీరల షాపు ఓనరు. కాళ్ళ దగ్గర గోనెసంచి.

ఆ సంచిలో త్రినాధరావు భార్య పెళ్ళిచీర ఉంది.

ఆవిడ పోయి నాలుగేళ్ళు...

“పాత జరీ చీర ఇవ్వండి మాస్టారూ, కొత్త కంచిపట్టు పట్టుకెళ్ళండి!” పొద్దున దేవీప్రసాద్ అన్నమాట. ఎల్లుండి కూతురు హాసిని నిశ్చితార్థం. అమ్మ చీరకి బదులొచ్చిన చీరైతే అమ్మే పెట్టినట్టుంటుందనుకున్నాడు త్రినాధరావు. ఇచ్చేశాడు.

సాయంత్రం హాసిని ఇస్త్రీ చేసింది.

కొత్త చీర కరిగిపోయింది! ప్లాస్టిక్‌లా ఇస్త్రీపెట్టెకి అంటుకుపోయింది!

షాపుకి పరిగెత్తాడు. షట్టర్ దించేసి ఉంది. ఎదురుగా పునుగుల బండి దగ్గర కాపు కాశాడు. బండివాడు అడక్కుండానే పొట్లం చేతిలో పెట్టాడు. “తినండి సార్. మొహం పీక్కుపోయింది.”

అప్పుడే షాపు పక్క సందులోంచి దేవీప్రసాద్ వచ్చాడు. చేతిలో గోనెసంచి, చెవి దగ్గర ఫోన్. ఆటో ఎక్కుతున్నాడు.

“ఇవాళే కాల్చేద్దాం. జరీలో వెండంతా దిగిపోవాలి!”

కాల్చేస్తాడా?!

ఆటో బెల్లం మార్కెట్ దాటింది. చెరకు తోటల్లోకి తిరిగింది. మూతపడ్డ బెల్లం షెడ్డు ముందు అతన్ని దించి వెళ్ళిపోయింది.

త్రినాధరావు స్కూటర్ తోటలో పడేశాడు. ఇనప తలుపు సందులోంచి చూస్తున్నాడు.

లోపల బెల్లం పొయ్యి. పక్కన ఓ ముసలామె.

“పొయ్యి ఎలిగించలేదేటే చిన్నమ్మలూ?” దేవీప్రసాద్ అడిగాడు.

“సుక్రోరం బావూ. దీపాలెట్టే ఏళ. పసుపంటిన పెల్లిసీర కాలుత్తానేటి?”

“ఎవర్తో సచ్చిందాని సీరే! మొగుడే తెచ్చిచ్చేడు.”

“మొగుడుండగా పోయిందా? పున్యెస్త్రీ! అయితే అసలు ముట్టుకోను.”

“నీ మొకం! నేనే ఏత్తాను!”

లైటర్ వెలిగింది...

“ఆగు!” త్రినాధరావు లోపలికి దూకాడు.

దేవీప్రసాద్ నవ్వాడు. “ఇక్కడిదాకా వచ్చేరేటి మాస్టారూ?”

“కొత్త చీర సంగతి ఎత్తను బాబూ. ఆ చీరొక్కటి ఇచ్చెయ్.”

“ఇత్తే ఊరుకుంటారా? రేపు ఊరంతా నా షాపు మీద పడదూ!”

వాడి నడుములోంచి పిస్టల్ బయటికొచ్చింది.

త్రినాధరావు కదల్లేదు. చూపు సంచి మీదే ఉంది.

వేలు ట్రిగ్గర్ మీద బిగుస్తోంది...

గుప్పున బూడిద! చిన్నమ్మలు చాటెడు బూడిద వాడి కళ్ళలో కొట్టింది!

ఢాం!

గుండు పైకప్పు రేకులో దిగింది. పిస్టల్ జారి పొయ్యి గోతిలో పడింది.

“నా కళ్ళు! ఒసే ముసల్దానా!”

ఆమె అప్పటికే సంచి భుజానికెత్తుకుంది. త్రినాధరావు చెయ్యి పట్టుకుని బయటికి లాగింది.

“ఇదిగో, మీ ఇంటావిడిది. మల్లీ ఎవులికీ ఇవ్వకండి.”

ఆయన సంచి గుండెలకి హత్తుకున్నాడు. పోలీసులకి ఫోన్ కలిపాడు.

లోపల తడుముకుంటున్న చప్పుడు. తిట్లు.

“అరవకు బావూ. దీపాలెట్టేక అరిత్తే లచ్మి పోద్ది.”

చిన్నమ్మలు ఇనప తలుపు చప్పుడు కాకుండా మూసింది. మెల్లగా గడియ పెట్టింది.