ఎర్రగండిలో క్లచ్ బిగుసుకున్న రాత్రి

ఎర్రగండి పేరెత్తితే చాలు, మావాళ్ళు గొంతు తగ్గిస్తారు. అక్కడ పాడుబడిన గొర్రెల దొడ్డి ఒకటుంది. ఒక చలికాలం అందులో మందతో పాటు మనుషులూ గడ్డకట్టి పోయారట. అప్పట్నుంచీ చీకటి పడితే ఆ దారిన గుర్రం అడుగెయ్యదు. మోటారు సైకిలు మీద పోయేవాడికీ ఒక కట్టడి ఉంది. ఎవరు పేరు పెట్టి పిలిచినా పలక్కూడదు, వెనక్కి చూడకూడదు, బండి ఆపకూడదు.

దుల్మా ఆపింది. ఆపాలని కాదు...

ఆవిడ చెప్పింది చెప్పినట్టు, నేను చూసింది చూసినట్టు చెబుతాను.

ఆవేళ మధ్యాహ్నం నుంచీ ఆమె మొగుడు లువ్సాన్ కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతున్నాడు. పొద్దు వాలేసరికి ఒళ్ళు కాలిపోతోంది, పొట్ట చెక్కలా బిగిసింది. వాళ్ళ గుడారం దగ్గర ఫోన్ అందదు. పక్కవాళ్ళు అప్పటికే మందతో చలికాలపు బీళ్ళకి వెళ్ళిపోయారు. ఆసుపత్రి నలభై కిలోమీటర్లు. బండి వెనక కూర్చోబెడదామంటే మనిషి కూర్చునేలా లేడు. తలదగ్గర నీళ్ళు పెట్టి, టీ ఫ్లాస్కు జోలెలో వేసుకుని ఒక్కతే బయల్దేరింది.

ఆ బండి క్లచ్ ఎప్పట్నుంచో బరువు. దుల్మాకి ఎడమచేతి రెండు వేళ్ళు చిన్నప్పుడు మంచుకి చచ్చుబడ్డాయి. బాగుచేయించమని అడిగినప్పుడల్లా లువ్సాన్ వేళాకోళమాడేవాడు — పొగరుబోతు గుర్రాల్నే లొంగదీశావు, ఆ లివర్‌ని లొంగదీయలేవా అని.

ఎర్రగండి వాగులో రాళ్ళమీద గేరు తగ్గించబోయింది. లివర్ కదల్లేదు. రెండు చేతులతో నొక్కింది... ఊహూఁ. అవతలి నుంచి ఎవరో పట్టుకుని లాగుతున్నట్టే ఉంది. ఇంజన్ దగ్గి, ఆగిపోయింది.

చీకటి. వాగు అంచున మంచు పలుకులు చిటపటమంటున్నాయి.

బండిని ఒడ్డుకి ఈడ్చింది. మోకాలు ఆనించి లివర్ నొక్కింది. అరచెయ్యి చీరుకుపోయింది గానీ అది లొంగలేదు. ఇంట్లో ఆయన ఒక్కడే... అనుకునేసరికి, ఈ క్లచ్ కదలదేం అని పైకే తిట్టుకుంటూ బండిమీద తల ఆనించి ఏడ్చింది.

అప్పుడు వినబడింది — దొడ్డి వైపు నుంచి.

"దుల్మా..."

మనిషి గొంతులా లేదది. ఎండుతోలు గీరినట్టుంది. "దుల్మా వదినా... రా..."

ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని గండాలు గట్టెక్కించే తారాదేవి మంత్రం అందుకుంది. పిలుపు పెరిగేకొద్దీ మంత్రం పెంచింది. కాసేపటికి పిలుపు ఆగింది. తర్వాత అదే గొంతు, నెమ్మదిగా...

"కేబుల్లో మంచు కట్టింది. వేడి టీ ఉంటే పైన పొయ్యి."

ఇంట్లో మనిషి పోతుంటే, చెప్పేది దెయ్యమా దేవుడా అని ఎంచే తీరిక ఎక్కడిది? వెనక్కి చూడకుండా పోసింది.

"లివర్ దగ్గర నట్టు వదులు చేసి, వైరు ఊడదియ్యి... ఇంజనాయిల్ ఉందా? ఇంజన్ మీద పెట్టి వెచ్చచెయ్యి... ఇప్పుడు పై కొసలోంచి చుక్క చుక్కా పొయ్యి... తొందరపడకు. వైరు పైకీ కిందకీ ఆడించు..."

సీటు కింద సీసాలో నాలుగు వేళ్ళ నూనె ఉంది. పళ్ళతో చేతితొడుగు లాగి పారేసి, చుక్క చుక్కా పోసింది. మొదట వైరు వెంట్రుకవాసి కదిలింది. తర్వాత వేలెడు. నూనె కింది కొసన నల్లగా, తుప్పుతో కారింది. వైరు మళ్ళీ తగిలించి నొక్కితే, క్లచ్ వెన్నలో వేలు దిగినట్టు దిగింది.

ఒక్క తన్నుకి బండి అందుకుంది. పోతుంటే వెనకనుంచి, "చెప్పు... ఎవరికైనా చెప్పు..."

ఆసుపత్రి వ్యాను నడిపేది నేనే. దుల్మా లోపలికొచ్చి ముందు లువ్సాన్ సంగతి చెప్పింది. తర్వాత నూనె చేతులు ఒళ్ళో పెట్టుకుని ఇది చెప్పింది. నేను గండి తగలకుండా చుట్టు తిరిగే పై దారిన పోదామన్నాను. నరన్ డాక్టరమ్మ సంచి సర్దుతున్నదల్లా ఆగింది.

"దెయ్యానికి క్లచ్ కేబుల్ సంగతి ఏం తెలుసక్కా?" అంది. గండి దారినే పోవాలంది.

దొడ్డిలో గొంబో ఉన్నాడు, గుర్రాలు మేపుకునే మనిషి. వాసాలు పీక్కుందామని ముందురోజు వస్తే గోడ కూలి కాళ్ళమీద పడింది. అరిచి అరిచి గొంతు పోయింది.

దుల్మా అతని పక్కన కూలబడింది. "నేను పలకలేదు గొంబో," అంది.

"నేనైనా పలికేవాణ్ణి కాదు వదినా. ఏడుపులో నీ గొంతు గుర్తుపట్టి సాయమడిగితే మంత్రం పెంచావు. సరే, బండి బాగైతే ఊరు చేరతావు, దెయ్యం కథగానైనా ఎవరికో చెబుతావు అనుకున్నా."

ఇద్దరూ బతికారు. లువ్సాన్‌కి తెల్లారేసరికి పట్నంలో ఆపరేషన్ అయింది. గొంబోకి ఒక కాలు మోకాలి కింద తీసేశారు.

నన్ను తినేసేది అది కాదు. ఆ రాత్రి గొంబోని వ్యానెక్కించి లువ్సాన్ దగ్గరికి పోతున్నాం. వెనక పడుకుని, కళ్ళు మూసుకునే, దుల్మాతో చెబుతున్నాడు.

"నిన్న సాయంత్రం రెండు బండ్లు పోయాయి వదినా. పిలిస్తే ఇంకా జోరు పెంచారు. తర్వాత ఒక వ్యాను వచ్చింది. అది కాస్త ఆగింది కూడా. ప్రాణం లేచొచ్చింది నాకు. అన్నా, అన్నా అని పిలిచా... అద్దం పైకెత్తుకుని పోయాడు."

డాక్టరమ్మ అతని నాడి వదల్లేదు. దుల్మా మాత్రం తలెత్తింది. వెనక చూపే చిన్నద్దంలో ఆమె కళ్ళు నా మీదే ఉన్నాయి.

మా ఊరికి వ్యాను ఒక్కటే.