నేల మీద ఎనిమిది ఆదివారాలు

బొమ్మ విమానం గాల్లోకి లేవనే లేదు. మైదానంలో అడ్డంగా పరుగెత్తి, కళ్ళద్దాల షాపతని కాలికి కొట్టుకుంది.

"కుడికే తిప్పానండీ," అంది దర్జీ అమ్మాయి, రిమోట్ గుండెలకు హత్తుకుని.

"అది మీకు ఎదురొస్తోంది కదా. అప్పుడు కుడికి తిప్పితే మీ ఎడమకెళ్తుంది."

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా."

"నేను దారిన పోయేవాణ్ణండీ."

కుర్చీలో కూర్చున్న ఆమె నాన్న నవ్వాడు. చేతులు వణకడం మొదలయ్యాక ఆయనే కూతురికి రిమోట్ అప్పగించాడు. "తెలిసినవాడిలా ఉన్నావు. రెండో కాలికి తగలకముందే నేర్పెయ్ బాబూ."

అలా ఆదివారాలు మొదలయ్యాయి. విమానం తోక లేవకుండా రిమోట్ మీది స్టిక్ వెనక్కి లాగి పట్టడం, వేగం కొద్దికొద్దిగా పెంచడం మూడో వారానికే ఆమెకు వచ్చేశాయి. వచ్చేశాయని తెలిస్తే అతను రావడం మానేస్తాడేమోనని భయమేసింది. నాలుగో వారం స్టిక్ కావాలనే ముందుగా వదిలేసింది. విమానం ముక్కు నేలకు గుద్దుకుని ప్రొపెల్లర్ విరిగింది.

"మళ్ళీ మొదట్నించి నేర్పాలి," అన్నాడతను. ఆ గొంతులో బాధ వెతికినా దొరకలేదు. ఆ తర్వాత వారానికో ప్రొపెల్లర్ విరుగుతూనే వచ్చింది.

ఎనిమిదో ఆదివారం నాన్నకు ఓపిక నశించింది. "పాకే పిల్లయినా ఈపాటికి లేచి నిలబడేది. ఇవాళ ఎగరకపోతే వేరే మాస్టార్ని చూస్తానమ్మా."

ఆమెకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎగరకపోతే మాస్టారు మారిపోతాడు. ఎగిరితే మాస్టారే అక్కర్లేదు.

నాన్న అప్పుడే ఆకాశం కేసి చూస్తున్నాడు. ఆయన చేత్తో చేసుకున్న విమానం అది. రెండేళ్ళుగా పైకి లేవలేదు. ఇక ఆమెకు మనసొప్పలేదు.

విమానం తిన్నగా పరుగెత్తి లేచింది. రెండు చుట్లు తిరిగింది. పక్క గాలి తోస్తున్నా మెల్లగా దించి, పూర్తిగా ఆగేదాకా ఆమె స్టిక్ వదల్లేదు. నాన్న కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎక్కడా తప్పు లేదు," అన్నాడతను, ఏదో పోగొట్టుకున్నవాడిలా.

"అయితే వచ్చే వారం రారన్నమాట."

"నేర్పడానికేముందండీ. నిజానికి నెల కిందటే ఏమీ లేదు. ప్రొపెల్లర్లు విరిగాయి కాబట్టి ఇంతదాకా లాక్కొచ్చాను."

"అవి వాటంతటవే విరగలేదు," అంది ఆమె, రెక్క మీద లేని దుమ్ము తుడుస్తూ.

అతనికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అయ్యాక చెవులు ఎర్రబడ్డాయి.

"పాఠం లేకపోయినా, ఊరికే మీ కోసం వస్తే పర్లేదా?"

"నాన్నని అడగండి."

అతను రెండడుగులు వేశాడో లేదో, కుర్చీలోంచి ఆయనే అన్నాడు. "ఆదివారం దాకా ఎందుకు? బుధవారం ఇంటికి రా బాబూ. ఒక్కడివే కాదు, మీ అమ్మగారిని కూడా తీసుకురా."