కాలని చోటు

తెల్ల కోటు మీద ముడత పడితే పెద్ద డాక్టరుగారికి చిరాకు. కాలిన రోగుల వార్డుకి ఆయనే అధికారి. కొన్ని వారాలుగా విమానాలు వచ్చి ఊరి మీద బాంబులు వేసి పోతున్నాయి. వార్డు నిండా జనం వీపులు కాలి బోర్లా పడుకుని ఉన్నారు. అయ్యగారు మాత్రం కెమెరాల ముందు నిలబడి, "అన్నీ వంటింటి ప్రమాదాలే. స్టవ్వులు పేలాయి" అని సెలవిచ్చారు. ఊరు ఊరంతా స్టవ్వుకి వీపు పెట్టి వండుకుంటోంది కాబోలు! పైవాళ్ళు చెప్పమన్నది చెప్పడానికి నోరుంటే చాలు, కళ్ళతో పనేముంది?

ఆ మధ్యాహ్నం ఒక తల్లిని తెచ్చారు. మెడ నుంచి నడుము దాకా కాలిపోయింది. నర్సు పక్కకి తిప్పి చూసింది. గుండెల మీద, చేతుల లోపలివైపు చర్మం చెక్కుచెదరలేదు. ఆ కాలని చోటు అచ్చం చంటిపిల్ల ఆకారంలో ఉంది.

"పిల్లని అదుముకుని వంగాను బాబూ... గోడ కూలింది. పిల్ల చేతుల్లోంచి జారిపోయింది. బాంబు అని చెప్పండి. తవ్వుతారు..."

ఆమె చెప్పింది నిజమే. బాంబు అని డాక్టరు చెబితేనే శిథిలాలు తవ్వే బండి కదులుతుంది.

"స్టవ్వు" అన్నారాయన, చేతులు కడుక్కుంటూ.

"పిల్ల బతికుందేమో సార్" అంది నర్సు.

"స్టవ్వు అన్నానా లేదా?"

పొద్దు వాలకముందే తల్లి పోయింది. బండి కదల్లేదు. అయ్యగారు తన గదిలో తలుపేసుకుని టీ తెప్పించుకున్నారు. ఏ మాటకామాటే, ఆకలిదప్పులకి లోటు లేని మనిషి.

కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. జుట్టు కాలిన వాసన... ఛాతీ మీద ఏదో బరువు. చిన్న బరువు. మెడ దగ్గర వెచ్చటి ఊపిరి...

"వంగండి బాబూ..." చెవి వెనక గుసగుస. "గోడ పిల్ల మీద పడుతుంది... వంగండి."

ఆయన వంగారు. వీపు మండింది.

కేక విని నర్సు పరుగెత్తుకొచ్చింది. కోటు వెనక మసి కూడా లేదు. ఎత్తి చూస్తే లోపల వీపంతా బొబ్బలు.

"బాంబే... తవ్వమను... తొందరగా..." అన్నారు అయ్యగారు. తన ఒళ్ళు కాలితే గానీ నిజం గుర్తురాలేదు మహానుభావుడికి!

బండి వెళ్ళింది. చీకటి పడేలోపు ఫోనొచ్చింది. నర్సు విని ఆయన వైపు తిరిగింది.

"అంతా తవ్వారట సార్... అక్కడ పిల్ల లేదట."

ఆయన ఒంటి మీది ఇస్త్రీ కోటు ముందువైపు, రెండు చిన్న గుప్పిళ్ళు పట్టుకున్నట్టు ముడతలు. నర్సు చూస్తుండగానే అవి ఇంకొంచెం బిగిశాయి.